పూర్వజ్ఞాన దోషం

మా తన్వికకి చదవడం వచ్చేసిందని తెలియగానే బడివాళ్ళు నన్ను పిలిపించారు. కిందటేడు పిల్ల ఆటలో పడి మోకాలు చీరుకుంటే కూడా పిలిపించని బడి అది. అలాంటిది బడి తెరిచిన వారంలోనే ఆయా మా బజ్జీల బండి దగ్గరికొచ్చి, "హెడ్మాస్టరుగారు ఉన్నపళంగా రమ్మంటన్నారు" అనేసరికి, చేతులకున్న శనగపిండి కడుక్కోకుండానే పరిగెత్తాను.

హెడ్మాస్టరు సత్తిరాజుగారి గదిలో తన్విక ఒక మూల నిలబడి ఉంది. దాని పక్కన, తెలుగు చెప్పే మంగతాయారు టీచరుగారు కూడా నిలబడే ఉన్నారు. ఇద్దరూ ఒకే తప్పు చేసి దొరికిపోయినట్టు కనిపించారు.

"కూర్చోమ్మా వీరవేణీ" అన్నారు హెడ్మాస్టరుగారు. తల్లుల్ని ఆయన కూర్చోమనరు. కూర్చోమన్నారంటే సంగతి పెద్దదే.

"మీ అమ్మాయి నిన్న వరండా గోడ మీది సూక్తిని పైకి చదివింది."

"అయ్యో, తప్పు చదివిందాండీ?"

"తప్పు చదివితే ఈ గొడవే లేదు కదమ్మా! సరిగ్గా చదివింది. ఆగకుండా చదివింది. చదివి, దానర్థమేంటని నన్నే అడిగింది."

"దీనికి నోరెక్కువండి" అన్నాను, ఇంకేమనాలో తెలియక.

"ఎవరు నేర్పారు?"

నేను నేర్పలేదు. నాది ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువు. మా బండి దగ్గర బజ్జీలు పొట్లం కట్టడానికి పాత పేపర్లు కొంటాం. మా ఆయన వేయిస్తుంటే నేను కడతాను. పిల్లని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుంటాను. అది ఆ పేపరు ముక్కలు చూసి, ఇదేంటి అదేంటి అని వచ్చినవాళ్ళందర్నీ అడిగి అడిగి పట్టేసింది. మిగిలింది ఒకటో తరగతిలో టీచరుగారు పూర్తిచేశారు. ఆ మాటే చెప్పి, "బజ్జీలకొచ్చినోళ్ళు నేర్పేశారండి. మేం గమనించుకోలేదు" అన్నాను.

అప్పుడు హెడ్మాస్టరుగారు నాకు కొత్త నియమం చెప్పారు. ఇకనుంచి పిల్లలకి ఏమొచ్చు అన్నది ఎవరూ చూడరట. ఎంత ఎదిగారు అన్నదే చూస్తారట. ఏడాది మొదట్లో ఒకసారి కొలుస్తారు, ఆఖర్లో ఒకసారి కొలుస్తారు. ఆ రెండింటి మధ్య తేడా ఎంతుంటే టీచరు అంత ఎదిగినట్టు. మొదట్లోనే చదివేసే పిల్ల ఆఖర్లోనూ చదువుతుంది. తేడా సున్న. ఆ పిల్లకి చెప్పిన టీచరు ఎదగనట్టు. ఎదగని టీచర్ని ఏడాదిపాటు పునాది శిక్షణకి పంపేస్తారు.

"మరి తెలుగెవరు చెప్తారండీ?"

"డ్రిల్లు మాస్టారు చూసుకుంటారు."

డ్రిల్లు మాస్టారు మంచాయనే. కానీ ఆయన ఏది చెప్పినా ఈలతో చెబుతారు.

"ఇందులో పిల్ల తప్పుందాండీ?" అని అడిగాను.

"తప్పు అనకూడదమ్మా. దాన్ని పూర్వజ్ఞాన దోషం అంటారు. కంగారుపడకు. మొదటి కొలతకి ఇంకా వ్యవధి ఉంది. ఈలోగా నయం చేసుకోవచ్చు."

టీచరుగారు నాతో గేటు దాకా వచ్చారు. రెండో తరగతిలో నాకూ ఆవిడే చెప్పారు. ఇప్పటికీ నన్ను చూస్తే నా చేతివేళ్ళ గోళ్ళు చూస్తారు.

"ఏమే వేణీ, భయపడ్డావా?"

"మీకేదో అవుతుందంట కదండీ."

"అయితే అవుతుంది. ప్రతి శనివారం మేం ఆత్మావలోకనం రాసివ్వాలే. పిల్లల గురించి, సాధించిన విజయం గురించి, నా వృత్తిపరమైన ఎదుగుదల గురించి. కిందటి శనివారం నిజం రాసిచ్చాను. 'తన్విక అనే పిల్లకి నేను ప్రత్యేకంగా నేర్పిందేమీ లేదు. అడిగినప్పుడల్లా పుస్తకం ఇచ్చాను' అని. వెనక్కి పంపించేశారు. ఇది ఎదుగుదల కాదు, గ్రంథాలయం అని రాసి మరీ పంపారు."

"విజయం గురించి ఏం రాశారండీ?"

"కలెక్టరైనవాళ్ళెవరూ లేరాయె నా దగ్గర చదివినవాళ్ళలో. వెనక వీధి చిట్టిబాబు లేడూ, వాళ్ళమ్మకి కొన్న మందు సీసా మీద తేదీ చదివి, గడువు దాటిపోయిందని షాపువాడికి తిరిగిచ్చేశాడు. అది రాశాను. ఆ విజయం ఏ కొలతకీ రాదన్నారు." ఆవిడ నవ్వి, గేటు గొళ్ళెం తీశారు. "పోనీలే. నువ్వు మాత్రం పిల్లని కొట్టకు."

నేనెందుకు కొడతాను? కానీ ఈవిడ వెళ్ళిపోతే మా పిల్ల గతేమిటన్న భయం మాత్రం ఇంటిదాకా వెంటొచ్చింది.

*

నయం చేసే విధానం చెప్పడానికి పైనుంచి ఒక అధికారి వచ్చారు. ఎదుగుదల సమన్వయాధికారి కామేశంగారు. ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చోవడం వచ్చిన మనిషి. మా వాడలో దోషమున్న పిల్లల తల్లులందర్నీ కూర్చోబెట్టి ఇలా సెలవిచ్చారు:

"గృహ పరిసరాలలోని సమస్త ముద్రిత సామగ్రిని బాలబాలికల దృష్టిపథం నుంచి దశలవారీగా ఉపసంహరించవలసి ఉంటుంది. తద్వారా ప్రాతిపదిక స్థాయి పునరుద్ధరింపబడుతుంది."

పక్కనున్నావిడ నా చెవిలో, "ఏమంటారే?" అంది.

"అక్షరం కనబడనివ్వద్దంటన్నారు."

"అంతేనా! దానికింత మాటా?"

ఇంటికొచ్చి పని మొదలెట్టాను. చెప్పింది చెప్పినట్టు చేయకపోతే నాకు నిద్రపట్టదు. ముందు కేలండరు గోడవైపు తిప్పేశాను. దాంతో మా అత్త ఏకాదశి ఉపవాసం ద్వాదశినాడు చేసింది. బియ్యం బస్తా లోపలి వైపు బయటికి తిప్పాను. డబ్బాల మీది కాగితాలు గోకేశాను. ఆ రోజు చారులో మిరియాల పొడికి బదులు కుంకుడుకాయ పొడి పడింది. పిల్ల కోసం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. మా ఆయన మాత్రం రెండు గుక్కలు తాగి, "నురగొస్తోందే వేణీ" అన్నాడు.

మా అత్తంటే మా మేనత్తే. మనసులో మాట దాచుకోదు. మంచం మీద కూర్చుని ఇదంతా చూసి, "మా రోజుల్లో ఆడపిల్లకి చదువెందుకని ఇంటోళ్ళు మాన్పించేవోరు. నిన్ను మీ నాన్న మాన్పించేడు. ఇప్పుడు బడోళ్ళే మాన్పిస్తన్నారు. మీకా శ్రమ కూడా లేకండా చేసేరు, మంచోళ్ళే" అంది.

"ఊరుకో అత్తా. మొదటి కొలత అయ్యేదాకానే."

"ఆఁ, అలాగే అంటారు."

బడికి పెద్దరోడ్డు మీంచి వెళ్తే అన్నీ షాపుల బోర్డులే. అందుకని కాలవగట్టు మీంచి తీసుకెళ్ళేదాన్ని. గట్టు మీద ఒక్క కరెంటు స్తంభానికి మాత్రం పుర్రె బొమ్మా, దానికింద ఎర్ర అక్షరాలూ ఉండేవి. అక్కడికి రాగానే పిల్ల కళ్ళు మూసేదాన్ని.

"ఎందుకమ్మా మూస్తున్నావు?"

"ప్రమాదవని రాసుందే, నువ్వు చదవకూడదు."

ఆ తర్వాత నాలిక కరుచుకున్నాను.

అసలు కష్టం బండి దగ్గర వచ్చింది. పేపర్లన్నీ అటకెక్కించేసి, ఈయన బాదం ఆకుల్లో బజ్జీలు కట్టివ్వడం మొదలెట్టాడు. ఆకు నూనె పీల్చదు. దానికి కొనేవాళ్ళు సర్దుకున్నారు. కానీ రిటైరైన కండక్టరు అప్పలస్వామిగారు రోజూ బజ్జీ తినేది పొట్లంలోని పేపరు కోసం.

"ఏవయ్యా దుర్గారావూ! ఆకులో చదవడానికేవుందయ్యా? మిరపకాయ బజ్జీ ఒట్టినే ఎలా తింటారు?"

"పాపకోసవండి. చదువుకోకండా చూసుకుంటన్నాం. బడోళ్ళు గట్టిగా చెప్పేరు."

"ఓహో! బడి చాలా స్ట్రిట్టన్నమాట. మంచిది, మంచిది" అని ఆయన మా పిల్లకేసి గౌరవంగా చూశాడు. చూసి, జేబులోంచి బస్సు టికెట్టు ముక్క తీసి, పిల్లకి వీపు పెట్టి నిలబడి, అదే చదువుకుంటూ బజ్జీ తిన్నాడు.

*

బడిలో మధ్యాహ్నం పూట దోష నివారణ తరగతి జరిగేది. తల్లులు వెనక కూర్చుని చూడాలి. కామేశంగారే చెప్పేవారు. మాట రాసిన ఒక అట్టముక్క పైకెత్తి, "ఇదేమిటి?" అన్నారు మొదటిరోజు.

"అరటి!" అన్నారు పిల్లలు.

"కాదు నాయనలారా. మీకు తెలియదు."

"తెలుసండీ! అరటండీ!"

"తెలుసని మీకు అనిపిస్తోంది. అది భ్రమ. నిర్మల దృష్టితో చూడండి. ఇది ఒక గీత. ఇది ఇంకొక గీత. ఇప్పుడు చెప్పండి, ఇదేమిటి?"

ఒక కుర్రాడు బాగా నిర్మలంగా చూసి, "రెండు గీతల అరటండీ" అన్నాడు.

ఆయనకి ఓర్పు ఎక్కువ. తెలియదన్నవాళ్ళకి చాక్లెట్టు ఇవ్వడం మొదలెట్టారు. రెండు చాక్లెట్లకి తరగతి సగం మరిచిపోయింది. వారం తిరిగేసరికి అట్టముక్క ఎత్తకముందే అందరూ కలిసి, "మాకు తెలియదండీ!" అని పాట పాడినట్టు పాడేవారు. అంత తొందరగా, అంత బాగా ఒక పాఠం వంటబట్టిన తరగతిని ఆ బడిలో ముందెన్నడూ చూడలేదని హెడ్మాస్టరుగారు మెచ్చుకున్నారు.

తన్విక మాత్రం పాట పాడేది కాదు. అట్టముక్కని చూసి, తల అడ్డంగా ఊపేది. అంతే.

పిల్లల తర్వాత టీచరుగారి వంతు వచ్చింది. "ఎదుగుదల నియమం సర్వులకూ వర్తిస్తుంది. ఉపాధ్యాయిని కూడా ప్రారంభంలో శూన్య స్థాయిలో ఉంటేనే సంవత్సరాంతానికి వృత్తిపరంగా వికసించగలదు. అంచేత మేడమ్, మీరొక మాదిరి పాఠం చెప్పండి. సాధ్యమైనంత అధ్వాన్నంగా" అన్నారు కామేశంగారు.

మంగతాయారు టీచరుగారు సుద్దముక్క తీసుకుని, పిల్లలకి వీపు పెట్టి నిలబడ్డారు. గొణిగినట్టు మొదలెట్టారు. అప్పుడు వెనక బెంచీలో ఎవరో పిల్ల తుమ్మింది. ఆవిడ గిరుక్కున తిరిగి, "చిరంజీవ! ఏమే, జలుబు చేసిందా? పోనీ తుమ్ము మీద ఒక కథ చెప్పనా?" అన్నారు. అంతే, పిల్లలంతా ముందుకి జరిగిపోయారు. కామేశంగారు తల పట్టుకున్నారు.

"మేడమ్, మళ్ళీ మొదటికొచ్చారు!"

"అలవాటైపోయిందండీ. నోటికొచ్చేస్తోంది."

"క్షమించాలి. బాగా చెప్పడమే మీ ఎదుగుదలకి ప్రధాన అవరోధం."

"మరి తమరో బాబూ? మీక్కూడా ఈ కొలత ఉందా?" అని నా పక్కనున్నావిడ అడిగేసింది.

"తప్పకుండా ఉందమ్మా" అన్నారు ఆయన కాస్త గర్వంగా. "నా పర్యవేక్షణ సామర్థ్యాన్ని పైవారు కొలుస్తారు. హెడ్మాస్టరుగారి నాయకత్వాన్ని కూడా. మొదటి కొలత రోజున మేమందరం ఏమీ రానివాళ్ళమే."

*

మొదట్లో మా పిల్ల నటిస్తోందనుకున్నాను. టీచరుగారంటే దానికి ప్రాణం. ఆవిడకోసం రానట్టు ఉంటోంది, ఇంటికొస్తే మామూలేననుకున్నాను.

ఒకరోజు స్నానం చేయిస్తూ, సబ్బు మీది అక్షరాలు చూపించి, మెల్లగా, "ఇదేంటే బంగారం? మనిద్దరవే ఉన్నాం. చెప్పు" అన్నాను.

అది సబ్బుని చూసింది. నా మొహం చూసింది. "సబ్బు" అంది.

"సబ్బే. దానిమీద ఏవుంది?"

"నాకు రాదమ్మా."

ఆ మాట అన్నప్పుడు దాని కళ్ళల్లో ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ కనిపించలేదు.

అటక మీంచి ఒక పేపరు ముక్క తీశాను. ఏనుగు పిల్ల బావిలో పడిందన్న వార్త అందులో ఉంది, చివర చిరిగిపోయింది. పాత రోజుల్లో అయితే మిగతా ముక్క వెతికేదాకా నా ప్రాణం తీసేది. దాని ముందు పెట్టాను. ఆ కాగితాన్ని పడవ చేసి ఆడుకుంది.

"బావా, పిల్ల నిజంగానే మరిచిపోయింది" అన్నాను ఆయనతో.

"సైకిలు తొక్కడం మరిచిపోతారేంటే ఎవరైనా?"

"నేను మరిచిపోలేదా? బడి మానేసినప్పుడు గడగడా చదివేదాన్ని. ఇప్పుడు పెళ్ళి శుభలేఖ చదవాలంటే వేలెట్టి వెతుక్కోవాలి. వాడకపోతే పోద్ది బావా. నాకు తెలుసు."

ఆయన బజ్జీ తిప్పుతున్న చిల్లుల గరిటె ఆపాడు. బాదం ఆకులు తుడవడం మొదలెట్టాడు.

టీచరుగారి దగ్గరికెళ్ళి అడిగేశాను. "నాకూ తెలియట్లేదే వేణీ" అన్నారు. ఆవిడ గొంతు నాకు కొత్తగా వినిపించింది. "దొంగతనంగా పుస్తకం ఇచ్చి చూశాను. బొమ్మలు చూసి ఇచ్చేసింది. ఇన్నేళ్ళలో చదవడం వచ్చేదాకా ఏడిపించిన పిల్లల్ని చూశాను గాని, ఇలాంటిది చూడలేదు. మొదటి కొలత అయిపోనీ. అయ్యాక మళ్ళీ అ ఆల దగ్గర్నుంచి నేను చెప్తాను. నన్ను నమ్ము."

నమ్మాను. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

*

మొదటి కొలత రోజున బడికి మామిడాకుల తోరణాలు కట్టారు. ఏమీ రాని పిల్లల్ని చూడడానికి పెద్దలు వస్తారని బడి గోడలకి సున్నం కూడా వేయించారు. వరండా సూక్తి ఆ సున్నం కింద పోయింది.

పొద్దున్నే కామేశంగారు ఒక్కొక్క పిల్లనీ పిలిచారు. అందరూ నిర్మలంగా చూశారు. అందరికీ సున్న వచ్చింది. సున్న వచ్చినప్పుడల్లా హెడ్మాస్టరుగారు చిన్నగా చప్పట్లు కొట్టారు. తన్విక వంతు వచ్చింది. ఆయన అట్టముక్క ఎత్తారు. అది తల అడ్డంగా ఊపింది. ఇంకొకటి ఎత్తారు. ఊపింది. చివరికి దాని పేరే రాసి చూపించారు. దాన్నీ సబ్బుని చూసినట్టే చూసి, ఊపింది.

"పరిపూర్ణ శూన్యం!" అన్నారు కామేశంగారు. "ఇంత స్వచ్ఛమైన ప్రాతిపదిక మన విభాగంలో ఇంకెక్కడా నమోదు కాలేదు."

తల్లులంతా నాకు నవ్వుతూ అభినందనలు చెప్పారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ తర్వాత సభ. పెద్దలందరి ముందూ ఎదుగుదల ప్రతిజ్ఞ చదవాలి. హెడ్మాస్టరుగారి సెల్లుఫోనులో అదంతా వీడియో తీసి పైకి పంపాలి. ప్రతిజ్ఞ కాగితం కామేశంగారి చేతిలో ఉంది. ఆయన దాన్ని చదవబోయి, ఆగిపోయారు.

"నేను చదవకూడదు. ఈ రోజు నాక్కూడా ప్రారంభ మాపనమే. వీడియోలో అనర్గళంగా చదివితే నా శూన్యం దెబ్బతింటుంది. సత్తిరాజుగారూ, మీరు కానివ్వండి."

"నాది మాత్రం శూన్యం కాదాండీ?" అని హెడ్మాస్టరుగారు వెనక్కి జరిగారు. "టీచరుగారూ..."

"నేనస్సలు చదవకూడదు కదండీ, అధ్వాన్నంగా కూడా చెప్పలేనిదాన్ని" అన్నారు ఆవిడ.

డ్రిల్లు మాస్టారు అడక్కముందే ఈల నోట్లో పెట్టుకున్నారు.

చదువుకున్నవాళ్ళందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏ కొలతలోనూ లేని మనిషి కావాలి. అక్కడ అలాంటిదాన్ని నేనే కనిపించాను. "ఈమె ఎనిమిది దాకా చదివిందండీ" అని సత్తిరాజుగారు నన్ను ముందుకి నెట్టారు.

కాగితం నా చేతికొచ్చింది. మైకు కీచుమంది. నేను మొదలెట్టాను. "మేము... పూర్వ... జ్ఞాన... ర... రహిత..." ఒక్కో మాటా బావిలోంచి బొక్కెన తోడినట్టు పైకి లాగాను. చెమటకి కాగితం తడిసింది. కాగితం నిండా అలాంటి మాటలే. ఏది ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. ఎవరో నవ్వారు. వేలు జారింది. మళ్ళీ పెట్టుకుని, "ఫలిత... ఆధారిత..." అన్నాను.

"అమ్మా, ఆ వరస అయిపోయింది."

నేను వినిపించుకోలేదు. "ఫలిత..."

"అమ్మా! కింద వరస! అదిందాక చదివేశావు!"

తన్విక నా పక్కకి వచ్చేసింది. ముక్కుపుటాలు ఎగరేస్తోంది. బండి దగ్గర నేను పొట్లం వంకరగా కట్టినప్పుడు ఎలా విసుక్కుంటుందో అలా ఉంది దాని మొహం. నా చేతిలోంచి కాగితం లాక్కుంది. లాక్కుని, మైకు అందక మునివేళ్ళ మీద నిలబడి, ఆ ప్రతిజ్ఞంతా మొదటినుంచి చివరిదాకా గడగడా చదివేసింది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు. చదివి, కాగితం నాకిచ్చేసి, "దీంట్లో కథేం లేదమ్మా" అంది.

నేను అక్కడే నేలమీద కూలబడి దాన్ని కావిలించుకున్నాను. "వచ్చుటే నీకు? వచ్చుటే?" అని ఏడ్చాను.

"రాదనమన్నారు కదా" అంది అది, నా భుజంలోంచి.

ఆ మాటా మైకులోకి పోయింది. వీడియోలోకీ పోయింది. మంగతాయారు టీచరుగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. పునాది శిక్షణకి పెట్టె సర్దుకోవాలని ఆవిడకి అర్థమైపోయి ఉంటుంది. అయినా ఆవిడ మొహం మాత్రం పండక్కి వచ్చినట్టుంది. హెడ్మాస్టరుగారు సెల్లుఫోను ఆపడం తెలియక దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నారు.

కామేశంగారు గడియారం చూసుకున్నారు. పైకప్పు చూశారు. ఆయన పెదాలు ఏవో లెక్కలు కట్టాయి.

"పొద్దున ఈ బాలిక స్థాయి?"

"పరిపూర్ణ శూన్యవండి. తమరే అన్నారు" అన్నారు హెడ్మాస్టరుగారు భయంగా.

"ఇప్పుడు?"

"సంపూర్ణం..."

"భోజనాల వేళకి!" అని కామేశంగారు లేచి నిలబడ్డారు. "ఏడాదిలో రావలసిన ఎదుగుదల ఒక్క పూటలో! మేడమ్, ఇంతటి వేగం రాష్ట్రంలో ఏ భాషోపాధ్యాయినీ సాధించలేదు. మీరు అనుసరించిన విధానమేమిటి?"

టీచరుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "నేనేం అనుసరించలేదండీ. వాళ్ళమ్మ తడబడింది. పిల్ల ఊరుకోలేకపోయింది."

"రాసుకోండి సత్తిరాజుగారూ. 'మాతృ తడబాటు విధానం.'"

*

టీచరుగారికి శాలువా కప్పారు. పునాది శిక్షణ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా కేలండరు ఇటు తిరిగింది, మా ఆయన అటకెక్కి పేపర్లు దించాడు.

కానీ విధానం అన్నాక ఒక్క బడితో ఆగదు. ప్రతి బడిలోనూ ఒక తల్లిని నిలబెట్టి, పిల్లల ముందు తప్పులతో చదివించాలని ఆదేశం వచ్చింది. చదువుకున్న తల్లులకి తడబడడం చేతకాలేదు. అసలు రానివాళ్ళు మొదలే పెట్టలేకపోయారు. మధ్యలో ఉన్నదాన్ని నేను. ఆదర్శ తడబాటు తల్లి అని నాకు పేరు పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళకి జీపులో తిప్పడం మొదలెట్టారు. తన్విక కూడా నాతోనే వచ్చేది, బడికి సెలవు పెట్టి.

ముందురోజు ఇంట్లో సాధన చేయాలి కదా. నేను పుస్తకం పట్టుకుని తడబడేదాన్ని. అది పక్కన కూర్చుని సరిచేసేది. "అక్కడ ఆగాలమ్మా. ఇప్పుడు ఏనుగు మాట్లాడుతోంది, నీ గొంతు కాదు" అని విసుక్కునేది. ఒకసారి సరిచేసిన చోట మళ్ళీ తడబడితే దానికి కోపం. దాని కోపానికి భయపడి జాగ్రత్తగా చదివేదాన్ని.

దసరా ముందు కాలవ అవతలి ఊరి బడికి వెళ్ళాం. కామేశంగారు ముందు వరసలో కూర్చున్నారు. వెనకాల ఇంకా పెద్ద అధికారులు. పిల్లలు నేలమీద బాసింపట్టేసుకుని ఉన్నారు. నా చేతికో కొత్త పుస్తకం ఇచ్చారు. ముందు చూడనిది. ఎండ్రకాయ తన పెళ్ళికి బయల్దేరిన కథ. తిన్నగా నడవలేదు కాబట్టి అది ఎంత నడిచినా పక్కింటి పెళ్ళికే చేరుతుంది. అక్కడ ఆకు వేసి కూర్చోబెట్టేస్తారు. అది సిగ్గుపడి భోంచేసి, లేచి, మళ్ళీ బయల్దేరుతుంది. ఇంకో పెళ్ళికి చేరుతుంది.

పిల్లలు నవ్వడం మొదలెట్టారు. నేనూ నవ్వుతూ చదువుతున్నాను. వరస వెనక వరస వచ్చేస్తోంది. కామేశంగారు దగ్గారు. మళ్ళీ దగ్గారు. చేత్తో మెల్లగా, మెల్లగా అన్నట్టు సైగ చేశారు. వెనకాల అధికారులు చెవుల్లో ఏదో గొణుక్కున్నారు.

ముందు వరస చివర కూర్చున్న తన్విక మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, నా చీర కుచ్చిళ్ళు లాగింది.

"అమ్మా, తడబడమ్మా" అని గుసగుసలాడింది. దాని మొహంలో ఎంత కంగారో. "వాళ్ళు చూస్తున్నారు. తడబడు."

తడబడదామనే చూశాను. కానీ అప్పటికి ఎండ్రకాయ మూడో పెళ్ళి పందిట్లో ఉంది. దానికి కావలసిన పెళ్ళికూతురు ఆ వరసలోనో, కింద వరసలోనో ఉండాలి.

"తరవాతేవైందండీ?" అని అరిచాడు ఒక కుర్రాడు.

నాకూ తెలియదు. పేజీ తిప్పాను.